87 మైళ్ళ ఫాస్ట్‌బాల్‌తో ఎన్నాళ్ళు నెట్టుకురావచ్చు? (హెండ్రిక్స్, మోయర్, బర్లీ వగైరా)

రిగ్లీ_రాజు (నేపర్‌విల్)

చాలాకాలం షికాగో కబ్స్‌కి ఆడిన బేస్‌బాల్ పిచర్ (బంతి విసిరేవాడు) కైల్ హెండ్రిక్స్ రిటైర్ అయిపోయాడు. 12 సీజన్లు, 105 గెలుపులు, 91 ఓటములు, ఈఆర్ఏ (పిచర్ తన లెక్కలో తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే రన్లు, తక్కువైతే మేలు) 3.79. కెరీర్ చాలావరకు ఫాస్ట్‌బాల్ గంటకి 87, 88 మైళ్ళ దగ్గరే తిరిగింది. ఇప్పుడు కాస్త పేరున్న హైస్కూల్ కుర్రాళ్ళే అంతకంటే వేగంగా విసురుతున్నారు.

2016లో ఇదే మనిషి 2.13 ఈఆర్ఏతో రెండు లీగుల్లోనూ అందరికంటే ముందున్నాడు. డాడ్జర్స్ మీద ఎన్‌ఎల్‌సీఎస్ (నేషనల్ లీగ్ ఫైనల్ సిరీస్) గేమ్ 6లో అవతల వాళ్ళ స్టార్ పిచర్ కర్షా ఉన్నా 7 ఇన్నింగ్స్ పైన ఒక్క రన్ ఇవ్వలేదు. 1945 తర్వాత కబ్స్‌కి మొదటి పెనెంట్ (లీగ్ టైటిల్) ఆ రాత్రే వచ్చింది. 2019 మేలో కార్డినల్స్ మీద 81 బంతుల్లో మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్ ముగించేశాడు.

నా ప్రశ్న ఇది. ఇలాంటి పిచర్ మళ్ళీ వస్తాడా? వచ్చినా నాలుగేళ్ళు నిలబడగలడా? ఆఫీసులో రోజూ ఇదే గొడవ, అక్కడ నా మాట ఎవడూ వినట్లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

హ్యూస్టన్_హరి

రాజు గారూ, నిలబడలేడు. మా ఆస్ట్రోస్ పిచర్ డాలస్ కైకల్ సంగతి చూడండి. 2015లో 20 గెలుపులు, 2.48 ఈఆర్ఏ, సై యంగ్ అవార్డు (లీగ్‌లో ఆ ఏడాది ఉత్తమ పిచర్‌కి ఇచ్చేది). ఫాస్ట్‌బాల్ 90 కూడా సరిగ్గా లేదు. అప్పుడు అందరూ ఇదే పాట: "స్పీడుదేముంది, బుర్ర ఉండాలి." 2022కి వచ్చేసరికి ఒక్క సీజన్‌లో వైట్ సాక్స్, డైమండ్‌బ్యాక్స్, రేంజర్స్, మూడు టీముల గుమ్మాలు తిరిగాడు. ఎక్కడా కుదురుకోలేదు.

98 వేసేవాడు ఒక బంతి తప్పుగా వేసినా బ్యాటర్ బ్యాట్ కింద నుంచి పోవచ్చు, ఫౌల్ అవ్వచ్చు. 87 వేసేవాడు అదే తప్పు చేస్తే బంతి వేవ్‌లాండ్ అవెన్యూలో (కబ్స్ రిగ్లీ మైదానం గోడ బయటి వీధి) దొరుకుతుంది. తప్పుకి చోటే లేదు. అలాంటి వాణ్ణి నమ్ముకుని ఏ టీమైనా నాలుగేళ్ళ కాంట్రాక్ట్ ఎలా రాస్తుంది?

మీ హెండ్రిక్స్ కూడా అంతేగా. 2021లో 4.77, ఆ ఏడాది నేషనల్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ హిట్లు ఇచ్చింది ఆయనే. 2024లో 5.92. ఆ రెండంకెలు మీ పోస్టులో కనబడలేదేం?

సియాటెల్_సుబ్బు

హరీ, జేమీ మోయర్ అనే ఆయన ఉండేవాడు. గుర్తుందా, లేక ఆస్ట్రోస్ తప్ప ఇంకేం చూడవా?

269 గెలుపులు. మారినర్స్‌కి ఆడుతూ 2001లో 20, మళ్ళీ 2003లో 21. రెండోసారి వయసు 40. 45వ ఏట ఫిలీస్ తరఫున వరల్డ్ సిరీస్‌లో పిచ్ చేశాడు. 2012 ఏప్రిల్‌లో రాకీస్‌కి ఆడుతూ పాడ్రెస్ మీద గెలిచినప్పుడు 49 ఏళ్ళు దాటాయి. మేజర్ లీగ్‌లో గెలిచిన అతి పెద్ద వయసు పిచర్ అతనే. అదీ మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చాక.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. 30 ఏళ్ళు వచ్చేదాకా మోయర్ రికార్డులో ఓటములే ఎక్కువ. 1992లో కబ్స్ వదిలేసి, కోచ్ పని ఇస్తాం చేస్తావా అని అడిగారు. ఆ ఏడాదంతా మైనర్ లీగ్‌లోనే. 1996లో రెడ్ సాక్స్ మాకు పంపేటప్పటికి 33. అసలు కెరీర్ అక్కడినుంచే మొదలైంది. "నిలబడలేడు" అని అప్పుడు ఎంతమంది తేల్చేసి ఉంటారో.

హ్యూస్టన్_హరి

సుబ్బు గారూ, మోయర్ పేరు వస్తుందని నాకు ముందే తెలుసు. ప్రతిసారీ ఇదే పేరు. అదే నా పాయింటు కూడా. వేగం లేకుండా పాతికేళ్ళు ఆడినవాడు ఒక్కడు దొరికితే అతని ఫొటోకి దండేసి పెట్టుకున్నారు. దొరకని వాళ్ళ లెక్క ఎవరు తీస్తారు? మైనర్ లీగ్‌లోనే ఆగిపోయిన 86 మైళ్ళ కుర్రాళ్ళ పేర్లు మనకి తెలియవు.

పైగా మోయర్ 522 హోమ్ రన్లు ఇచ్చాడు. అదీ రికార్డే. పైగా కాలం వేరు. 2008లో లీగ్ సగటు ఫాస్ట్‌బాల్ 91 చిల్లర. ఇప్పుడు 94 దాటింది. 84 వేసేవాడికీ లీగ్‌కీ మధ్య దూరం అప్పటికీ ఇప్పటికీ ఒకటి కాదు.

లెక్కల_లలిత (న్యూజెర్సీ)

హరి గారు చెప్పిన మొదటి మాట నిజం. మిగిలినవాళ్ళనే చూసి లెక్క కట్టకూడదు. కానీ ఆ వాదన ఇటువైపు కూడా తిరుగుతుంది. రాడార్ గన్ చూసి 86 అనగానే పక్కన పెట్టేస్తున్నప్పుడు, వాళ్ళు ఆడలేక ఆగిపోయారా, ఆడనివ్వక ఆగిపోయారా అన్నది మనం తేల్చలేం. హెండ్రిక్స్‌నే తీసుకోండి. డార్ట్‌మత్ కాలేజీ నుంచి డ్రాఫ్ట్ (టీములు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునేది) ఎనిమిదో రౌండ్‌లో రేంజర్స్ తీసుకున్నారు. 2012లో పిచర్ ర్యాన్ డెంప్‌స్టర్ కోసం కబ్స్‌కి ఇచ్చేశారు. ఎవరూ అడ్డం పడలేదు.

ఇక 2016 సంగతి. 2.13 ఈఆర్ఏ ఉన్న ఏడాదే ఆయన ఫిప్ 3.20. అంటే స్ట్రైకౌట్లు, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకి ఉచితంగా ఇచ్చే బేస్), హోమ్ రన్లు మాత్రమే చూస్తే ఆయన బాగా మంచి పిచర్, అంతేగాని అసాధారణం కాదు. మధ్యలో తేడా ఫీల్డర్లది. రస్సెల్, బాయెజ్, హేవర్డ్, రిజో ఉన్న ఆ కబ్స్ ఫీల్డింగ్ ఎలాంటిదో అందరికీ తెలుసు. బ్యాట్‌కి తగిలి ఆటలో పడిన బంతుల్లో మామూలుగా పదింట మూడు హిట్లవుతాయి. ఆయన మీద ఆ ఏడాది పావు వంతే అయ్యాయి.

దీన్ని అదృష్టం అని కొట్టిపారేయొద్దు. 2001లో వోరోస్ మెక్‌క్రాకెన్ అనే గణాంకాల ఆయన "బంతి బ్యాట్‌కి తగిలాక పిచర్ చేతిలో పెద్దగా ఏమీ ఉండదు" అన్నప్పుడు అందరూ కొట్టుకున్నారు. తర్వాత తేలింది ఏంటంటే, మెత్తటి దెబ్బలు రాబట్టే పని కొంతమంది పిచర్లకి కొంతవరకు వచ్చు. హెండ్రిక్స్ 2016లో దాంట్లో ముందు వరుస. కానీ ఆ "కొంతవరకు" అనేది పెద్ద భాగం కాదు. దాని మీద ఇల్లు కట్టుకుంటే ప్రతి ఏడాదీ నిలబడదు. 2.13 అందుకే మళ్ళీ రాలేదు, 2020లో 2.88 వచ్చింది, తర్వాత అదీ రాలేదు.

సౌత్‌సైడ్_సత్తి (షికాగో)

కబ్స్ వాళ్ళ గోల సరే, ఊరికి ఇంకో టీముందని ఎవరైనా గుర్తు పెట్టుకున్నారా?

వైట్ సాక్స్ పిచర్ మార్క్ బర్లీ. డ్రాఫ్ట్‌లో 38వ రౌండ్. 38! ఇప్పుడు డ్రాఫ్ట్‌లో అన్ని రౌండ్లే లేవు. 2001 నుంచి 2014 దాకా వరసగా 14 సీజన్లు 200 ఇన్నింగ్స్ దాటించాడు. 214 గెలుపులు. 2007లో నో-హిట్టర్ (మ్యాచ్ మొత్తం ఒక్క హిట్ ఇవ్వకపోవడం), 2009లో రేస్ మీద పర్ఫెక్ట్ గేమ్ (ఒక్క బ్యాటర్‌ని కూడా బేస్ ఎక్కనివ్వకపోవడం). తొమ్మిదో ఇన్నింగ్స్‌లో డ్వేన్ వైజ్ గోడెక్కి పట్టిన క్యాచ్ ఇప్పటికీ వారానికోసారి చూస్తాను, మా ఆవిడ తిడుతుంది. ఆ నెలలోనే వరసగా 45 మంది బ్యాటర్లని ఔట్ చేశాడు. రికార్డ్. ఐదేళ్ళకి దాన్ని 46తో ఎవరు దాటారో తెలుసా? యుస్మెరో పెటిట్. 88 మైళ్ళవాడు! వందమైళ్ళ వీరులు ఇంతమంది ఉండగా, ఆ రికార్డ్ ఒక నెమ్మది మనిషి నుంచి ఇంకో నెమ్మది మనిషికే పోయింది.

బర్లీ దగ్గర ఇంకో గుణం. బంతి చేతికి రాగానే వేసేసేవాడు. రెండు గంటల్లో మ్యాచ్ అయిపోయేది. ఫీల్డర్లు కాళ్ళమీద నిద్రపోయే టైమే ఉండదు. పిచ్ క్లాక్ 2023లో వచ్చింది గానీ బర్లీకి పుట్టుకతోనే ఉంది.

క్రికెట్_కిషోర్ (ఫ్రిస్కో)

కొత్త మెంబర్ని, తప్పుగా అడిగితే ఏమీ అనుకోకండి. క్రికెట్‌లో 85 కిలోమీటర్ల స్పిన్నర్ వెయ్యి వికెట్ల దాకా పోతాడు కదా, మరి బేస్‌బాల్‌లో మెల్లగా వేస్తే ఎందుకింత భయం?

చేంజప్_చందు

కిషోర్ తమ్ముడూ, మంచి ప్రశ్నే. క్రికెట్‌లో బంతి నేల మీద పడుతుంది. పడ్డాక ఎటు తిరుగుతుందో బ్యాటర్‌కి ముందు తెలియదు, పిచ్ పాతబడేకొద్దీ స్పిన్నర్‌కి బలం. ఇక్కడ గాల్లోనే అంతా అయిపోవాలి. నేల సాయం లేదు.

ఇంకో తేడా పెద్దది. అక్కడ బ్యాటర్ ఔటైతే ఆ ఇన్నింగ్స్‌లో మళ్ళీ కనబడడు. ఇక్కడ అదే మనిషి అదే రోజు మూడోసారి, నాలుగోసారి వస్తాడు. నీ చేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించి మెల్లగా వచ్చే బంతి) రెండుసార్లు చూసేశాడు. మూడోసారి ఎదురుచూస్తూ నిలబడతాడు. నెమ్మదిగా వేసేవాడికి గండం అక్కడ.

హెండ్రిక్స్ ఏం చేసేవాడో దగ్గరనుంచి చెప్తా, నేను చాలా గేమ్స్ క్యాచర్ వెనక సీట్లలో చూశాను (టికెట్ నాది కాదు, కంపెనీది). సింకర్ (కిందికి దిగే ఫాస్ట్‌బాల్) 87. మోకాలి ఎత్తులో, కుడిచేతి బ్యాటర్ లోపలి అంచు వైపు జారుతుంది. దాని తర్వాత చేంజప్ 79. చేయి తిరిగే వేగం అదే, బంతి వదిలే చోటు అదే. ప్లేట్‌కి సగం దూరం వచ్చేదాకా రెండూ ఒక్కటే. బ్యాటర్ అప్పటికే బ్యాట్ కదిలించేశాడు, వెనక్కి తీసుకోలేడు. పైగా ఆయన చేంజప్ ఒకటి కాదు, రెండు. ఒకటి బయటికి జారేది, ఇంకొకటి దాదాపు నిటారుగా దిగేది. పెద్ద పెద్ద హిట్టర్లు ముందుకి తూలిపోయి, ఒంటిచేత్తో బ్యాట్ ఊపి, సెకండ్ బేస్‌మన్ చేతికి మెత్తగా దొర్లించి వెళ్ళేవాళ్ళు. వెళ్తూ వెళ్తూ బోర్డు మీద స్పీడ్ చూసేవాళ్ళు. ఆ మొహాలు చూడాలి!

లెక్కలో పెడితే, 95 మైళ్ళ బంతి బ్యాటర్‌ని చేరడానికి సుమారు 0.4 సెకన్లు. 87 అయితే ఇంకో మూడు నాలుగు వందో వంతులు ఎక్కువ. అంత చిన్న తేడాని మోసం చేసి పూడ్చుకోవాలి. హెండ్రిక్స్ దగ్గర స్పీడ్ లేదనేకంటే, రెండు బంతుల మధ్య 8 మైళ్ళ తేడా ఉంది అనాలి. ఫాస్ట్‌బాల్ 85కి పడిపోయి చేంజప్ 79లోనే ఉంటే ఆ తేడా చచ్చిపోతుంది. ఆఖరి సీజన్లలో నాకు కనబడింది అదే. ఆయనకి తెలివి తగ్గలేదు, ఆ రెండు మైళ్ళు తగ్గాయి. 2022లో భుజం కూడా దెబ్బతింది.

హ్యూస్టన్_హరి

చందు అన్నా, అంటే నువ్వూ నా మాటే అన్నావు. రెండు మైళ్ళు పోతే మొత్తం పోయింది. 97 నుంచి 95కి పడినవాడు ఇంకా లీగ్ సగటుకి పైనే ఉంటాడు.

చేంజప్_చందు

సగమే అన్నాను. 97 వేసి 95కి పడినవాడి చేతిలో వేరే పని లేకపోతే వాడూ పోతాడు. నెమ్మదివాడి సంగతికి బ్యారీ జీటో చూడు. 2002లో సై యంగ్, తర్వాత జెయింట్స్ 126 మిలియన్ డాలర్లు ఇచ్చారు. అందరూ నవ్వారు. 2010 పోస్ట్‌సీజన్‌కి టీములోనే లేడు. 2012లో అదే మనిషి, 85 మైళ్ళతో, సెయింట్ లూయిస్ మీద ఓడితే ఇంటికే అన్న మ్యాచ్ గెలిపించి, వరల్డ్ సిరీస్ గేమ్ 1లో అవతలి స్టార్ పిచర్ వర్లాండర్ మీద గెలిచాడు. మొత్తం కాంట్రాక్ట్ లాభమా నష్టమా అంటే నష్టమే. కానీ ఆ రెండు రాత్రులు స్పీడ్ ఎక్కడుంది?

రిగ్లీ_రాజు

మూడోసారి బ్యాటర్ గండం అన్నారు కాబట్టి ఒక మాట. 2016 వరల్డ్ సిరీస్ గేమ్ 7, క్లీవ్‌లాండ్ మీద. ఐదో ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్, 5-1 ఆధిక్యం, హెండ్రిక్స్ 63 బంతులే వేశాడు. ఒక్క వాక్ ఇచ్చాడని మా మేనేజర్ మ్యాడన్ వచ్చి తీసేశాడు. అదీ స్ట్రైక్ త్రీ లాంటి బంతికి వచ్చిన వాక్! బదులుగా లెస్టర్ వచ్చాడు, ఒక్క వైల్డ్ పిచ్‌కి (క్యాచర్‌కి అందని బంతి) ఇద్దరు ఇంటికొచ్చారు. 5-3. తర్వాత వాళ్ళ రాజై డేవిస్ మా చాప్‌మన్ మీద హోమ్ రన్ కొట్టినప్పుడు నా బీపీ ఎంతుందో డాక్టర్‌కి కూడా చెప్పలేదు. వందమైళ్ళ చాప్‌మన్ మీద, హరి గారూ. వంద.

హ్యూస్టన్_హరి

గెలిచారు కదా బాబూ, ఇంకా ఏడుపెందుకు.

సౌత్‌సైడ్_సత్తి

పదేళ్ళైనా వదలరు వీళ్ళు. మేం 2005లో గెలిచి పనులు చూసుకుంటున్నాం.

మోడరేటర్

గేమ్ 7 గొడవకి వేరే థ్రెడ్ ఉంది, ఇక్కడ పిచర్ల గురించే.

ప్లేనో_పద్మ

ఇంతసేపూ ప్రో ఆటగాళ్ళ గురించే మాట్లాడారు. నేను పిల్లల వైపు నుంచి చెప్తాను. మా వాడికి 14. ట్రావెల్ టీములో పిచర్. ట్రైఔట్‌కి వెళ్తే ముందు రాడార్ గన్ ముందు నిలబెట్టారు. స్ట్రైక్ ఎన్ని వేశాడో రాసుకునే మనిషి లేడు. మా వాడు చెప్పిన మూలకి వేస్తాడు, కానీ నంబర్ చిన్నది. పక్క అబ్బాయి వేసినవి సగం వెనక వలకి తగిలాయి, కానీ గన్ మీద అంకె పెద్దది. సెలెక్ట్ అయింది ఆ అబ్బాయి. నాకు కోపం లేదు, ఆ అబ్బాయి మంచివాడే. పేరెంట్స్ అందరికీ ఆ అంకె ఒక్కటే కావాలి, కోచ్‌లూ అదే అమ్ముతున్నారు.

2024 డిసెంబర్‌లో మేజర్ లీగ్ వాళ్ళే పిచర్ల గాయాల మీద పెద్ద రిపోర్ట్ వేశారు. వేగం కోసం, బంతి తిప్పుడు కోసం, ప్రతి బంతికీ ఒంట్లో ఉన్నదంతా పెట్టి విసరడం ప్రధాన కారణమని అందులోనే రాశారు. మోచేతి ఆపరేషన్లు హైస్కూల్ పిల్లలకి కూడా మామూలైపోయాయి. బర్లీ 14 ఏళ్ళు వరసగా 200 ఇన్నింగ్స్ వేశాడని సత్తి గారు చెప్పారు. అంత వేసేవాడు ఇప్పుడెవరు? "నిలబడటం" అంటే ఈఆర్ఏ ఒక్కటేనా, ఆపరేషన్ బల్ల మీద పడుకోకుండా ఉండటం కాదా?

లెక్కల_లలిత

పద్మ గారూ, ఒప్పుకుంటాను, ఒక్క జాగ్రత్తతో. మెల్లగా వేసేవాళ్ళకీ గాయాలవుతాయి. హెండ్రిక్స్ భుజం, మోయర్ మోచేయి ఇక్కడే చెప్పుకున్నాం. కానీ టీములు ఒక 98 వాడు పోతే ఇంకో 98 వాణ్ణి తెచ్చుకునే పద్ధతికి అలవాటు పడ్డాయి. అలాంటప్పుడు 180 ఇన్నింగ్స్ సగటుగా వేసే మనిషి విలువ పెరగాలి. మార్కెట్ ఇంకా దానికి డబ్బు పెట్టట్లేదు. 2025కి ఏంజెల్స్ హెండ్రిక్స్‌కి ఇచ్చింది 2.5 మిలియన్లు. 31 స్టార్ట్‌లు చేశాడు, 4.76 ఈఆర్ఏ. గొప్పగా లేదు, కానీ ఆ ధరకి అన్ని ఇన్నింగ్స్ ఇంకెవరు ఇస్తారు?

ఇంకొకటి. ఇప్పుడు స్టార్టర్‌ని (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్) మూడోసారి బ్యాటర్ల ముందుకి పెద్దగా పంపట్లేదు. ఐదు ఇన్నింగ్స్, తర్వాత బుల్‌పెన్ (మధ్యలో దిగే పిచర్లు). చందు గారు చెప్పిన గండం మూడోసారిదే అయితే, ఈ పద్ధతి నెమ్మది పిచర్‌కే మేలు. ఐదు ఇన్నింగ్స్ మోసం చేస్తే చాలు, వెనక నుంచి 99 వాడు వస్తాడు. 80, 87 తర్వాత 99 చూడటం బ్యాటర్‌కి ఇంకా కష్టం.

సియాటెల్_సుబ్బు

2026 నుంచి ఏబీఎస్ ఛాలెంజ్ (అంపైర్ స్ట్రైక్, బాల్ తీర్పుని యంత్రంతో సరిచూడమని అడగడం) ఉంది కదా, దాని సంగతేంటి? టీముకి రెండు ఛాలెంజ్‌లు, గెలిస్తే పోవు. అడగాల్సింది బ్యాటర్, పిచర్, క్యాచర్ మాత్రమే. పాత పిచర్ గ్లావిన్ కాలంలో ప్లేట్‌కి అంగుళం రెండంగుళాల బయట వేసి, క్యాచర్ అలా పట్టుకుని నిలబడితే అంపైర్ స్ట్రైక్ ఇచ్చేవాడు. అది పోతే నెమ్మది పిచర్ల నోట్లో మట్టే.

చేంజప్_చందు

సగం మట్టే. బయటి బంతి దొరకదు, నిజం. కానీ కింద అంచుకి తగిలే సింకర్ ఉంది చూశావా, అంపైర్లు చాలాసార్లు బాల్ అనేస్తారు. ఇప్పుడు పిచర్ టోపీ తట్టుకుంటే (ఛాలెంజ్ సైగ) అది స్ట్రైక్. నిజంగా అంచుల మీద వేయగలిగేవాడికి యంత్రం శత్రువు కాదు. అంచు బయట బతికినవాడికే శత్రువు. కాకపోతే జోన్ (స్ట్రైక్ ఇచ్చే చోటు) కింది గీత బ్యాటర్ ఎత్తులో 27 శాతం దగ్గర గీశారు, పొడుగు బ్యాటర్ వస్తే ఆ గీత కూడా పైకి పోతుంది. మోకాళ్ళ కింద బతికే హెండ్రిక్స్ లాంటివాళ్ళకి అది నచ్చకపోవచ్చు.

హ్యూస్టన్_హరి

అంతా బాగుంది. ఒక్క పని చేయండి. 30 ఏళ్ళ లోపు, ఫాస్ట్‌బాల్ 88 దాటని, రొటేషన్‌లో (వంతులవారీగా మ్యాచ్‌లు మొదలుపెట్టే పిచర్ల వరస) ఖాయంగా చోటున్న స్టార్టర్ పేరు ఒక్కటి చెప్పండి. మోయర్, బర్లీ, జీటో వద్దు. ఇప్పుడు ఆడుతున్నవాడు.

సౌత్‌సైడ్_సత్తి

టైలర్ రోజర్స్. 83 మైళ్ళు. 2025లో ఈఆర్ఏ 2 లోపు. బ్లూ జేస్ మూడేళ్ళకి 37 మిలియన్లు రాశారు. నేల రాసుకుంటూ వేస్తాడు, చూస్తేనే నడుం నొప్పి వస్తుంది. వాడి కవల సోదరుడు టేలర్ ఎడమచేత్తో వాడికంటే ఎంతో వేగంగా వేస్తాడు.

హ్యూస్టన్_హరి

రిలీవర్ సత్తీ, రిలీవర్ (మధ్యలో దిగేవాడు). స్టార్టర్ అడిగాను. పైగా 30 ఎప్పుడో దాటాడు.

లెక్కల_లలిత

హరి గారూ, మీ షరతుకి సరిపోయే పేరు నా దగ్గర లేదు. 88ని 91 చేస్తే రేంజర్ సువారెజ్ అనే స్టార్టర్ ఉన్నాడు, రెడ్ సాక్స్ అయిదేళ్ళకి 130 మిలియన్లు ఇచ్చారు. లీగ్ సగటు 94 దాటిన రోజుల్లో 91 ఎడమచేతివాడు నెమ్మది కిందే లెక్క. గీత ఎక్కడ గీస్తామన్నదే ఇక్కడ అసలు గొడవ.

హ్యూస్టన్_హరి

91ని నెమ్మది అంటే మోయర్ గారు నవ్వుతారు.

రిగ్లీ_రాజు

సువారెజ్‌ని నా లిస్టులో వేసుకుంటున్నా, హరి గారు ఒప్పుకోకపోయినా సరే. ఆ కాంట్రాక్ట్ మూడో ఏట ఆయన ఫాస్ట్‌బాల్ 89కి దిగినప్పుడు ఈఆర్ఏ నాలుగు దాటితే హ్యూస్టన్‌లో బిర్యానీ ఖర్చు నాది. దాటకపోతే మీరు షికాగో రావాలి, టికెట్లు కూడా మీవే. సత్తీ, నువ్వు సాక్షి.

సౌత్‌సైడ్_సత్తి

సాక్షినే, కానీ రిగ్లీకి రాను. మ్యాచ్ మా పార్క్‌లో అయితేనే.